మనసు లేనిదే మందు పనిచేయదా?

విజయపురి సౌత్: మనిషి చలిజ్వరంతో వణుకుతుంటే "వణకకుండా ఉండాలనే పట్టుదల నీకు లేదు" అని ఎవరూ అనరు. దుప్పటి కప్పి ఆసుపత్రికి తీసుకుపోతారు. అదే మనిషి దిగులు జబ్బుతో నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకుంటే మాత్రం పరామర్శకు వచ్చిన ప్రతివారూ "గుండె ధైర్యం తెచ్చుకోవాలి", "నీకు బాగవ్వాలని ఉంటే గదా బాగయ్యేది" అంటారు. ఈ మాటలు అనేవారు చెడ్డవారు కారు. మేలు కోరే అంటారు. కాని మేలు కోరి అన్న ఈ మాటే మన గ్రామాలలో ఎందరినో వైద్యానికి దూరం చేస్తున్నది. కనుక ఈ మాటలో నిజమెంత, పొరపాటెంత అన్నది మనమంతా ఆలోచించవలసిన అవసరం ఉంది.

మన ప్రాంతంలోనే జరిగిన ఒక సంగతి చెప్పుకుందాం. ఆ కుటుంబం కోరిక మేరకు ఊరు, పేరు చెప్పడం లేదు. ఆయన కౌలు రైతు. 2021-22లో నల్ల తామర పురుగు పల్నాటి మిరప తోటలను ఎలా తినేసిందో రైతులెవరూ మరచిపోలేదు. పూత పూతగానే రాలిపోయింది. కొట్టిన మందులకు లెక్క లేదు. ఆయన వేసిన మూడెకరాల తోటా పోయింది. అప్పు మిగిలింది. అయితే అప్పు ఒక్క ఆయనకే కాదు, ఊళ్లో చాలామందికి మిగిలింది. మిగతావారు ఏడ్చి, తిట్టుకుని, మరుసటి ఏడాది మళ్లీ పొలంలోకి దిగారు. ఈయన దిగలేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. అన్నం ముందు పెడితే రెండు ముద్దలు తిని చేయి కడుక్కునేవాడు. గడ్డం పెరిగింది. పెంచుకున్న గేదె అరుస్తున్నా లేచేవాడు కాదు.

చుట్టాలు వచ్చారు, ధైర్యం చెప్పారు. తాయెత్తు కట్టించారు. చివరకు బావమరిది "గుంటూరు పోదాం పద, డాక్టరుకు చూపిద్దాం" అంటే ఆయన అన్న మాట ఒక్కటే. "నాకు బాగవ్వాలనే లేదు బావా. నన్నొదిలెయ్యండి."

ఈ మాట విని ఇంట్లోవాళ్లు చేతులు వదిలేశారు. రోగికే ఇష్టం లేనప్పుడు డాక్టరు మాత్రం ఏం చేస్తాడని అనుకున్నారు. ఇట్లా అనుకోవడం సహజమే. అయితే అసలు పొరపాటు జరిగేది ఇక్కడే.

ఇష్టం పోవడమే జబ్బు

దిగులు వేరు, దిగులు జబ్బు వేరు. పంట పోతే, అయినవారు పోతే ఎవరికైనా దిగులుంటుంది. నాలుగు రోజులకు కొంత, నెలకు మరికొంత తగ్గుతుంది. పెళ్లిలోనో తిరునాళ్లలోనో కాసేపు నవ్వు వస్తుంది. డాక్టర్లు డిప్రెషన్ అని పిలిచే దిగులు జబ్బు అట్లా కాదు. రెండు వారాలకు మించి రోజూ, రోజంతా మనసు బరువుగా ఉంటుంది. ఇంతకు ముందు ఇష్టమైన పనిమీద ఇష్టం పోతుంది. నిద్ర, ఆకలి తప్పుతాయి. ఒంట్లో సత్తువ ఉండదు. నేను దండగ మనిషిని అనిపిస్తుంది. కొందరికి చావు తలపులు వస్తాయి. ఇందులో చాలా లక్షణాలు ఒకేసారి కనిపిస్తే అది జబ్బు.

దీనిని బట్టి ఒక సంగతి తెలుసుకోవాలి. ఇష్టం లేకపోవడం, రేపటిమీద ఆశ లేకపోవడం రోగి మొండితనం కాదు. దగ్గు క్షయకు లక్షణమైనట్లు అది ఈ జబ్బుకు లక్షణం. ఏ జబ్బు మనిషిలోని కోరికను ముందుగా తినేస్తుందో, ఆ జబ్బు తగ్గడానికి ముందుగా కోరిక తెచ్చుకోమనడం కాలు విరిగినవానిని పరుగెత్తి ఆసుపత్రికి రమ్మనడమే అవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సుమారు 30 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. పురుషులలో కంటె స్త్రీలలో ఎక్కువ. మన దేశంలో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడుతున్నారని తేలింది. ఆ లెక్కన వెయ్యి మంది పెద్దలున్న ఊళ్లో 50 మంది. ఇటువంటి జబ్బులున్నవారిలో నూటికి 80 మందికి పైగా వైద్యం అందడం లేదని కూడా ఆ సర్వేయే చెప్పింది. ఇంతమందికీ పట్టుదల లేదని అనగలమా?

స్త్రీల విషయంలో మరో చిక్కుంది. మగవాడు మంచం ఎక్కితే ఇల్లంతా గమనిస్తుంది. ఆడమనిషికి మంచం ఎక్కే వీలు కూడా లేదు. పొయ్యి వెలిగించాలి, మిరపకాయలు కోయడానికి పోవాలి. "పని చేస్తూనే ఉంది గదా, ఇంకేం జబ్బు" అంటారు. కాన్పు అయిన తర్వాత వచ్చే దిగులునైతే బాలింత బలహీనత అని వదిలేస్తారు. ఒళ్లు నొప్పులు, తలనొప్పి అని ఆమె మందుల షాపు చుట్టూ తిరుగుతుందే తప్ప, మనసు బాగాలేదని నోరు విప్పి చెప్పదు.

ముందు పని, తర్వాత ఇష్టం

అయితే రోగి పట్టుదలకు అసలు చోటే లేదా అంటే, తప్పక ఉంది. కాని మనం అనుకునే చోట లేదు.

మనం అనుకునేది ఏమిటంటే, ముందు మనసు గట్టిపడాలి, తర్వాత మనిషి లేచి పని చేయాలి. ఈ జబ్బులో వరుస తిరగబడుతుంది. ముందు ఇష్టం లేకపోయినా చిన్న పని ఒకటి చేయాలి. చేయగా చేయగా ఇష్టం దాని వెనుక నెమ్మదిగా వస్తుంది. ఇది కేవలం పెద్దల మాట కాదు, పరీక్షకు నిలబడిన వైద్యం. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం దీనిని పరీక్షించింది. మానసిక వైద్యంలో ముందు ఏ అనుభవమూ లేని మామూలు స్థానికులకు శిక్షణ ఇచ్చారు. వారు జబ్బు ముదిరిన రోగులను ఆరు నుండి ఎనిమిది సార్లు కలిసి మాట్లాడారు. ఉపన్యాసాలు ఇవ్వలేదు. రేపు ఏ చిన్న పని చేయగలవు, ఎన్ని గంటలకు, ఎవరు తోడుంటారు అని అడిగి, మళ్లీ వచ్చినప్పుడు జరిగిందా లేదా, జరగకపోతే అడ్డం వచ్చింది ఏమిటి అని విచారించారు. మూడు నెలల తర్వాత చూస్తే ఇట్లా కలిసినవారిలో నూటికి 64 మంది జబ్బు నుండి బయటపడ్డారు. మామూలు పద్ధతిలో చూసినవారిలో బయటపడినది 39 మంది. ఈ ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడ్డాయి.

మందుల విషయంలోనూ ఓపిక కావాలి. ఈ జబ్బుకు ఇచ్చే మాత్రలు తలనొప్పి మాత్రల వంటివి కావు. గుణం కనిపించడానికి రెండు నుండి నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకంటె ఎక్కువ పడుతుంది. కడుపులో తిప్పడం, మగతగా ఉండడం వంటి ఇబ్బందులేమో మొదటి వారంలోనే వస్తాయి. అంటే కష్టం ముందు, సుఖం తర్వాత. సరిగ్గా ఆ మధ్యలోనే చాలామంది మానేస్తారు. మరికొందరు కాస్త తేరుకోగానే మానేస్తారు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలపాటు డాక్టరు చెప్పినట్లు వాడకపోతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఆపవలసి వస్తే డాక్టరు చెప్పిన ప్రకారం కొంచెం కొంచెంగా తగ్గించాలే గాని ఒక్కసారిగా ఆపరాదు. రోగి పట్టుదల అవసరమైన చోటు ఇదే. గుండె బండ చేసుకోవడానికి కాదు, ఈ రోజు మాత్ర ఈ రోజు వేసుకోవడానికి.

మన కౌలు రైతు సంగతి తర్వాత ఏమైందో చూద్దాం. ఆయన ఇల్లాలు మిగతావారి వలె వదిలేయలేదు. "నీకు బాగవ్వాలని లేకపోతే మానె, నా కోసం ఒక్కసారి బస్సెక్కు" అన్నది. ఆయన ఎక్కాడు. గుంటూరులో ఒక మానసిక వైద్యుడు రక్తపరీక్ష చేయించాడు. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ తేడా ఉన్నా ఇటువంటి నీరసమే వస్తుంది గనుక ముందు అవి లేవని చూసుకున్నాడు. మాత్రలు రాశాడు. ధైర్యంగా ఉండమని చెప్పలేదు. రోజూ పొద్దున్నే లేచి గేదెకు నీళ్లు పెట్టమన్నాడు. అది ఒక్కటే పని.

మొదటి రోజులలో ఆమే బిందె ఎత్తి ఆయన పక్కన నిలబడేది. "లేవయ్యా, గేదె చూస్తన్నది" అనేది. "నా వల్ల కాదే" అని ఆయన అంటే వాదం పెట్టుకునేది కాదు. "సగం బిందె నువ్వు పోయి, సగం నేను పోస్తా" అనేది. పని జరిగిన రోజున గోడమీది క్యాలెండరులో గీత గీసేది. జరగని రోజున గీత లేదు, తిట్టూ లేదు. మూడో వారానికి గేదె పని తనే చేశాడు. తర్వాత సాయంత్రం టీ కొట్టు దాకా నడిచి వచ్చాడు. ఆ తర్వాత విజయపురి సౌత్ లాంచీ స్టేషన్ దాకా బావమరిదితో వెళ్లి, నాగార్జునకొండకు పోయే లాంచీలను చూస్తూ కూర్చున్నాడు.

అంతా సాఫీగా జరిగిందని చెప్పలేము. రెండు నెలలు దాటాక "నాకేం లేదు" అని మాత్రలు మానేశాడు. కొద్ది వారాలకే మళ్లీ గోడవైపు తిరిగాడు. మళ్లీ గుంటూరు పోవలసి వచ్చింది. ఈసారి బస్సెక్కడానికి ఎవరూ బతిమాలలేదు, ఆయనే చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఇవాళ ఆయన పత్తి వేస్తున్నాడు. అప్పు ఇంకా ఉంది. అయితే అప్పు సంగతి తను మాట్లాడుకోగలుగుతున్నాడు. ఈ మధ్య కలిసినప్పుడు "అప్పట్లో బాగవ్వాలని లేదన్నారు గదా, ఎప్పుడు అనిపించింది?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "అది ఎప్పుడొచ్చిందో తెలవదు. గేదెకు నీళ్లు పెట్టంగ పెట్టంగ వచ్చినట్టుంది" అన్నాడు.

ఇంటివారు చేయవలసినది

రోగికి పట్టుదల లేని రోజులలో దానిని ఇంటివారు అప్పుగా ఇవ్వాలి. అయితే తోడు నిలబడడం వేరు, వెంటపడి పొడవడం వేరు. "రాజయ్య చూడు, అంత నష్టం వచ్చినా తిరుగుతున్నాడు" అని ఊళ్లోవారితో పోల్చితే రోగి ఇంకా లోపలికి పోతాడు. పెద్ద పని చెప్పి ఓడించడం కంటె చిన్న పని చెప్పి గెలిపించడం మేలు. "ఎట్లా ఉంది, ఎట్లా ఉంది" అని పదేపదే అడగడం కంటె పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలిపించడం మేలు. సారా, బ్రాందీ ఆ పూటకు దిగులు మరపించినట్లే ఉండి తెల్లవారేసరికి రెండింతలు చేస్తాయి గనుక వాటిని దూరం పెట్టాలి. గుడికో చర్చికో దర్గాకో వెళ్తే మనసుకు నెమ్మది అనుకుంటే తప్పక వెళ్లండి. కాని మొక్కు తీరిందని మాత్రలు ఆపకండి.

చావు మాటలు మాట్లాడే మనిషిని మాత్రం వేరుగా చూడాలి. "అట్లాంటి ఆలోచనలు వస్తున్నాయా?" అని సూటిగా అడగడానికి వెనుకాడరాదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం అక్కరలేదు. అడిగినందువల్ల చాలామందికి బరువు దిగుతుంది. అటువంటి ఇంట్లో పురుగు మందు డబ్బాలు ఉంచరాదు. తాళం వేసి తాళంచెవి వేరేవారి దగ్గర పెట్టాలి. లేదా పొరుగువారి ఇంటికి చేర్చాలి. మనిషిని ఒంటరిగా వదలరాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ ఫోను నెంబరు 14416. ఇది రాత్రింబగళ్లు పనిచేస్తుంది, డబ్బు అక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. రోగి మాట్లాడకపోతే ఇంటివారైనా మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉంటే 108కి ఫోన్ చేయాలి. కేసు అవుతుందని భయపడి సంగతి దాచిపెట్టనవసరం లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలనీ, శిక్షించరాదనీ, ప్రభుత్వమే వైద్యం, సంరక్షణ చూడాలనీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది.

దగ్గరలో వైద్యం ఉంటేనే పట్టుదల

ఇంత చెప్పినా, ఒక మాట నిలిచే ఉంటుంది. పట్టుదల అంతా రోగి నుండీ, ఇల్లాలి నుండీ రావాలని కూర్చుంటే అది ప్రభుత్వానికి తేలిక, పేదవానికి భారం. విజయపురి సౌత్ నుండి గుంటూరు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఇద్దరి బస్సు చార్జీలు అవుతాయి. నెలనెలా పోవాలి. మంచం దిగడమే గగనమైన మనిషిని అంత దూరం రమ్మనడం, రాకపోతే ఇష్టం లేదని రాసుకోవడం న్యాయం కాదు.

దారి ఉందని మన రాష్ట్రంలోనే రుజువైంది. పశ్చిమ గోదావరి జిల్లాలో కొన్నేళ్ల క్రితం జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఒక ప్రయత్నం చేసింది. గిరిజన గ్రామాలలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పోయి నిద్ర, దిగులు, బెంగ గురించి వరుసగా ప్రశ్నలు అడిగారు. జబ్బు లక్షణాలు ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు వద్దకు పంపి, వెళ్లారా లేదా అని మళ్లీ విచారించారు. ముందు నూటికి ఒక్కరు కూడా వైద్యానికి పోని ఆ రోగులలో, తర్వాత నూటికి 12 మందికి పైగా పోయారు. దిగులు కూడా తగ్గింది. ఇంకా పోనివారే ఎక్కువ అన్నది నిజమే. అయినా ఆ మనుషులు మారలేదు, వారి గుండెలు కొత్తగా గట్టిపడలేదు. తలుపు దగ్గరకు వచ్చి అడిగినవారు దొరికారు, అంతే.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లోనే మొదలైంది. మానసిక వైద్యం పొందడం పౌరుని హక్కని 2017 చట్టం చెప్పింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు వేరే జిల్లా అయింది. కనుక నరసరావుపేటలోని జిల్లా అధికారులకు ఈ ప్రాంత ప్రజల తరఫున మూడు విజ్ఞప్తులు. మాచర్ల, గురజాల ఆసుపత్రులలో మానసిక వైద్యుడు ఏ రోజున ఉంటారో ఆ రోజు తప్పకుండా ఉండాలి. ఆ రోజు ఏదో ప్రతి గ్రామ సచివాలయం గోడమీద రాసి ఉండాలి. రెండవది, ఒకసారి గుంటూరులో రాసిన మాత్రలు నెలనెలా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకాలి. మూడవది, ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఈ జబ్బు గురించి శిక్షణ ఇవ్వాలి. బాలింతలను చూడటానికి ఎలాగూ పోతున్న ఆశా కార్యకర్త నిద్ర పడుతున్నదా, మనసెలా ఉంది అని రెండు మాటలు అదనంగా అడిగితే ఎన్నో ఇళ్లు నిలబడతాయి. ఆ అదనపు పనికి తగిన పారితోషికం కూడా ఆమెకు ఇవ్వాలి. అప్పుల సంగతి, కౌలు రైతుకు అందవలసిన పంట నష్టం సంగతి వేరుగా తేల్చవలసి ఉంది. వాటిని మాత్రలు తీర్చలేవు.

సాగర్ కుడి కాలువకు 1967 ఆగస్టు 4న మొదటిసారి నీరు వదిలారు. కాలువ కింద సేద్యం చేసేవారికి తెలుసు, ఇక్కడ గేటు ఎత్తిన రోజునే చివరి పొలానికి నీరు చేరదు. మధ్యలో గండి పడితే పూడ్చాలి, పూడిక ఉంటే తీయాలి, రాత్రిళ్లు కాపలా కాయాలి. నీరు రాలేదని పొలాన్ని తిట్టిన రైతు లేడు. దిగులు జబ్బుతో పడుకున్న మనిషినీ తిట్టకండి. రేపు పొద్దున ఆయన చేయగలిగిన చిన్న పని ఏదో అడగండి, పక్కన నిలబడి చేయించండి, మాత్ర వేసుకున్నాడో లేదో చూడండి. బాగవ్వాలని లేదంటే, లేకపోయినా ఫరవాలేదు, బస్సు ఎక్కమని చెప్పండి.